హక్కు వేరు, బేరము వేరు

మోర్మను తొలి నాయకులకు అమెరికా సరిహద్దు ప్రాంతపు రాజకీయ నాయకులతో జరిగిన వ్యవహారములు – సంఘములకు ఒక అధ్యయన పాఠము

చదువవలసిన వాక్యభాగములు: యిర్మీయా 29:4–7, కీర్తన 146:3–5, అపొ. కార్యములు 24:24–27, 25:10–12, 1 తిమోతి 2:1–2.

పాఠము ఉద్దేశము: అధికారుల యొద్ద న్యాయము అడుగుటకును, సంఘము యొక్క ఓట్లను వారితో బేరము పెట్టుటకును గల భేదమును తెలిసికొనుట.



పరిచయము

ఎన్నికలు దగ్గరపడినప్పుడు అభ్యర్థులు తెలుగువారి వీధులకు వస్తారు. మన మందిరములకు కూడ వస్తారు. "మీ సంఘములో ఎన్ని ఓట్లున్నాయి?" అని పెద్దలను అడుగుతారు. సమాధుల తోటకు ప్రహరీగోడ, మందిరము ముందు రోడ్డు, మంచినీటి కుళాయి, ఇళ్ల పట్టాలు – ఇవన్నీ మాటలలోనికి వస్తాయి. మనము సొంత రాష్ట్రము వెలుపల స్థిరపడినవారము. భాషలోను మతములోను కొద్దిమందిమి. కాబట్టి "అందరము కలిసి ఒకరికే వేస్తామని మాట ఇస్తే మన పనులు జరుగుతాయి గదా" అని కొందరు తలంచుట సహజమే.

ఆ తలంపు మంచిదో కాదో తేల్చుకొనుటకు ఒక చరిత్ర మనకు ఉపయోగపడుతుంది. అది మోర్మనులు అని పిలువబడువారి తొలి చరిత్ర. వారు తమ సంఘమును కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘము అని పిలుచుకొంటారు. బెంగుళూరులో తమ దేవాలయము కట్టబోతున్నామని వారు 2018లో ప్రకటించారు గనుక, ముఖ్యముగా కర్ణాటకలోని మన సంఘములవారు ఈ పేరు వినే ఉంటారు.

వారికిని మనకును సిద్ధాంతములో పెద్ద భేదమున్నది. వారు బైబిలుతో పాటు మోర్మను గ్రంథమును కూడ లేఖనముగా అంగీకరిస్తారు. మనము బైబిలు ఒక్కటే చాలునని నమ్ముతాము. ఐనను ఈ పాఠములో మనము చూడబోవునది సిద్ధాంతము కాదు. కొద్దిమందిగా ఉన్న ఒక మతసమాజము, తన్ను కాపాడుకొనుటకు అధికారులతో ఎట్లు వ్యవహరించినది, దాని ఫలితమేమి అనునదే మన విషయము. ఇతరుల చరిత్రను చదువునప్పుడు వారికి జరిగిన అన్యాయమును దాచకూడదు. వారు చేసిన తప్పును కూడ దాచకూడదు. రెంటిని ఉన్నవి ఉన్నట్లు చూద్దాము.

1. మిస్సోరిలో కలిగిన శ్రమ

జోసెఫ్ స్మిత్ 1805లో వెర్మాంట్ రాష్ట్రములో పుట్టాడు. 1830లో న్యూయార్క్ రాష్ట్రములో మోర్మను గ్రంథమును ప్రచురించి, ఆ సంవత్సరము ఏప్రిల్ 6న తన సంఘమును స్థాపించాడు. అదే సంవత్సరము చేరి ఆయనకు ముఖ్య సహాయకుడైన సిడ్నీ రిగ్డన్ ఒకప్పుడు బాప్తిస్టు బోధకుడు. 1831 నుండి వారు కొందరు ఒహాయో రాష్ట్రములోను, కొందరు మిస్సోరి రాష్ట్రములోను స్థిరపడసాగారు. మిస్సోరిలోని జాక్సన్ కౌంటీ తమకు దేవుడిచ్చిన సీయోను స్థలమని వారు నమ్మారు.

ఆ రోజులలో మిస్సోరి అమెరికా దేశమునకు పడమటి అంచు. దానికి అవతల ఇండియనుల భూములు. కోర్టులు తక్కువ, పోలీసులు లేరు. గవర్నరు ఉత్తరువు ఇస్తే, ఊళ్లలోని మగవారే తుపాకులు పట్టుకొని మిలీషియా అనే పౌరసేనగా కూడుకొంటారు. ఇది బాగా గుర్తుంచుకొనవలసిన సంగతి. ఎవరు మోర్మనులను ద్వేషించారో, ఆ ఇరుగు పొరుగువారే ఆ పౌరసేన. కంచే చేను మేస్తే అన్నట్లు, కాపాడవలసినవారే కొట్టేవారయ్యారు.

ద్వేషమునకు కారణములు ఏమిటి? మోర్మనులు ఎక్కువమంది ఉత్తరపు రాష్ట్రములనుండి వచ్చినవారు. మిస్సోరి బానిసలను ఉంచుకొను రాష్ట్రము. వారు గుంపులుగా వచ్చి భూములు కొన్నారు. ఈ దేశము మాకు స్వాస్థ్యమని బహిరంగముగా చెప్పారు. ఓట్లు కూడ ఒక్కటిగా వేస్తారని పేరుపడింది. 1833 జూలై 20న అల్లరిమూక ఇండిపెండెన్స్ పట్టణములో వారి అచ్చుయంత్రమును పడగొట్టి పాడుచేసింది. ఆ సంవత్సరము నవంబరులో వారినందరిని జాక్సన్ కౌంటీనుండి తరిమివేశారు.

అలెగ్జాండర్ డోనిఫన్ అనే యువ న్యాయవాది వారి పక్షమున నిలిచాడు. ఆయన శాసనసభ్యుడు కూడ. 1836 డిసెంబరులో మోర్మనుల కొరకు కాల్డ్‌వెల్ అనే కొత్త కౌంటీ ఏర్పడుటకు శాసనసభలో ఆయన పాటుపడ్డాడు. కాని సమాధానము నిలువలేదు. 1838 ఆగస్టు 6న గాలటిన్ అనే ఊరిలో ఎన్నిక జరుగుతుండగా, మోర్మనులను ఓటు వేయనీయకూడదని ఒక అభ్యర్థి జనమును రేపాడు. కొట్లాట జరిగింది. అక్కడినుండి ఇరుపక్షములవారు ఆయుధములు పట్టారు. మోర్మనులు కూడ ఇళ్లు తగులబెట్టారు. అక్టోబరు 27న గవర్నరు లిల్‌బర్న్ బాగ్స్, మోర్మనులను శత్రువులుగా ఎంచి నిర్మూలము చేయవలెను లేదా రాష్ట్రమునుండి వెళ్లగొట్టవలెను అని ఉత్తరువు ఇచ్చాడు. మూడు రోజుల తరువాత హాన్స్ మిల్ అనే చిన్న పల్లెమీద సాయుధులు పడి 17 మందిని చంపారు. వారిలో పదేండ్ల బాలుడొకడున్నాడు.

ఆ పౌరసేన అధికారులలో శామ్యూల్ బోగర్ట్ అనే ఒక మెథడిస్టు బోధకుడు కూడ ఉన్నాడు. ప్రొటెస్టెంటులమైన మనము ఈ మాట చదివి తల వంచుకొనవలెను. తప్పు బోధను వాక్యముతో ఎదుర్కొనవలెను గాని తుపాకితో కాదు.

2. నావూ పట్టణపు చార్టరు

జోసెఫ్ స్మిత్ 1838–39 చలికాలమంతయు లిబర్టీ అనే ఊరి జైలులో గడిపాడు. వేలమంది మోర్మనులు మిస్సిసిపి నది దాటి ఇల్లినాయ్ రాష్ట్రమునకు చేరారు. క్విన్సీ పట్టణస్థులు వారికి తిండి, ఆశ్రయము ఇచ్చి ఆదరించారు. 1839లో స్మిత్ కాపలావారి చేతిలోనుండి తప్పించుకొని వచ్చి, నది ఒడ్డున నావూ అనే పట్టణమును కట్టించ మొదలుపెట్టాడు.

ఆ సంవత్సరము నవంబరులో ఆయన వాషింగ్టనుకు వెళ్లి అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను కలిసి, మిస్సోరిలో పోగొట్టుకొన్న ఆస్తికి నష్టపరిహారము అడిగాడు. మీ మొర న్యాయమైనదే గాని నేను కలుగజేసికొంటే మిస్సోరి ఓట్లు పోగొట్టుకొంటాను అనే భావముతో అధ్యక్షుడు జవాబిచ్చినట్లు మోర్మనులు వ్రాసిపెట్టుకొన్నారు. 1840లో సెనేటు కమిటీ కూడ, ఇది మిస్సోరి కోర్టులు చూచుకొనవలసిన సంగతి అని త్రోసివేసింది. రాజ్యాంగములోని హక్కుల పత్రము కేంద్ర ప్రభుత్వమునే గాని రాష్ట్రములను కట్టివేయదని సుప్రీంకోర్టు 1833లో తీర్పు చెప్పియున్నది గనుక, వారికి ఆ దారి కూడ మూతపడింది.

న్యాయము అడిగితే దొరకలేదు. ఇక ఏమి చేయాలి? ఇక్కడే వారి మార్గము మారింది. మన చేతిలో ఓట్లున్నాయి గదా, వాటితో రక్షణ కొనుక్కొందాము అని తలంచారు.

అప్పుడు ఇల్లినాయ్‌లో విగ్ పార్టీ, డెమొక్రాటిక్ పార్టీ రెండును దాదాపు సమానబలము కలవి. కొన్నివందల ఓట్లు ఎటు తిరిగితే అటు గెలుపు. కాబట్టి రెండు పార్టీలును వారిని దువ్వసాగాయి. 1840 డిసెంబరులో శాసనసభ నావూకు చార్టరు ఇచ్చింది. (డే దొరగారు నెల్లూరు చేరి తెలుగు మిషను పని ఆరంభించిన సంవత్సరము కూడ ఈ 1840వదే.) ఆ చార్టరు ప్రకారము నావూకు సొంత మున్సిపల్ కోర్టు, సొంత పౌరసేన, హేబియస్ కార్పస్ రిట్లు ఇచ్చు అధికారము కూడ కలిగాయి. స్టీఫెన్ డగ్లస్ అనే డెమొక్రాటు నాయకుడు దానికి సహాయము చేశాడు. శాసనసభ్యుడుగా ఉన్న అబ్రహాము లింకను కూడ అనుకూలముగా ఓటు వేశాడు. అంతకు ఒక నెల ముందే, ఎన్నికలలో నావూవారు దాదాపు 200 మంది లింకను పేరు కొట్టివేసి వేరొకరి పేరు వ్రాసియున్నారు! అయినను ఆయన పగపట్టలేదు.

చార్టరు కొరకు తిరిగిన జాన్ బెన్నెట్ అనేవాడు నావూకు మొదటి మేయరు అయ్యాడు. 1842లో అతడు స్మిత్‌తో విరోధపడి వెళ్లిపోయి, మోర్మనులకు వ్యతిరేకముగా పుస్తకము అచ్చువేయించాడు. ఏరు దాటినాక తెప్ప తగలేసేవారు ఎప్పుడును ఉంటారు. అటు తరువాత స్మిత్ తానే మేయరు అయ్యాడు. సంఘమునకు ప్రవక్త, పట్టణమునకు మేయరు, మున్సిపల్ కోర్టుకు ముఖ్య న్యాయాధిపతి, పౌరసేనకు లెఫ్టినెంట్ జనరల్ – ఇవన్నీ ఒక్కని చేతిలోనికి వచ్చాయి. ఇదంతయు చట్టప్రకారమే జరిగింది. కాని హాంకాక్ కౌంటీలోని ఇతరులకు భయము పుట్టింది. ఒక మనుష్యుడు ప్రవక్తగా ఆజ్ఞాపించి, మేయరుగా అమలుచేసి, న్యాయాధిపతిగా విడిపించుకొంటే మాకు న్యాయమెక్కడ అని వారు అడిగారు.

3. ఇద్దరికిచ్చిన ఆశ

1840లో నావూ ఓట్లు ఎక్కువగా విగ్‌లకు పడ్డాయి. వాన్ బ్యూరెన్ డెమొక్రాటు గనుక ఆయనమీది కోపమే కారణము. 1841 జూన్‌లో డగ్లస్ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా కూర్చుండి, మిస్సోరివారి అరెస్టు వారంటునుండి స్మిత్‌ను విడిపించాడు. ఆ డిసెంబరులో స్మిత్ తమ పత్రికలో, మాకు సహాయము చేసినవారికే మేము ఓటు వేస్తామనే భావముతో ప్రకటన చేశాడు. 1842లో డెమొక్రాటు అయిన థామస్ ఫోర్డ్ వారి ఓట్లు పొంది గవర్నరు అయ్యాడు.

1843 జూన్‌లో స్మిత్ డిక్సన్ అనే ఊరి దగ్గర బంధువులను చూడబోయినప్పుడు మిస్సోరి షెరీఫు ఆయనను పట్టుకొన్నాడు. ఆ సమయమున సైరస్ వాకర్ అనే పేరుపొందిన విగ్ న్యాయవాది కాంగ్రెస్ ఎన్నికలకు ప్రచారము చేసికొంటూ ఆ ప్రాంతములోనే ఉన్నాడు. నీ ఓటు నాకిస్తే నీ కేసు వాదిస్తాను అన్నాడు. స్మిత్ మాట ఇచ్చాడు. నావూ ఓట్లన్నీ నావే అని వాకర్ సంతోషించాడు.

ఎన్నిక ఆగస్టు 7, సోమవారము. ముందు శనివారము స్మిత్ అన్న హైరం సభలో నిలిచి, డెమొక్రాటు అభ్యర్థి జోసెఫ్ హోజ్‌కు ఓటు వేయుట దేవుని చిత్తమని చెప్పాడు. ఆదివారము జోసెఫ్ స్మిత్ ప్రజల ఎదుట మాట్లాడుతూ, నేను ఇచ్చిన మాట ప్రకారము నా స్వంత ఓటు వాకర్‌కే వేస్తాను, కాని నా అన్నకు కలిగిన ప్రత్యక్షతలు అబద్ధమైనట్లు నేనెన్నడును ఎరుగను అనే భావముతో చెప్పాడు. ప్రజలకు ఆ మాట చాలు. నావూ ఓట్లు గంపగుత్తగా హోజ్‌కు పడ్డాయి. హోజ్ గెలిచాడు.

ప్రియులారా, ఇక్కడ కొంచెము ఆగి ఆలోచించండి. స్మిత్ వాకర్‌కు ఇచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకొన్నాడు. తన ఓటు తాను వేశాడు. కాని జరిగినది మోసము వలె కనబడింది. విగ్‌లు మండిపడ్డారు. డెమొక్రాట్లు సంతోషించారా? లేదు. ఈ రోజు మనకు వచ్చిన ఓట్లు రేపు ఒక్క మాటతో అవతలికి పోతాయి అని వారును భయపడ్డారు. రెంటికి చెడ్డ రేవడి అన్నట్లు, రెండు పార్టీలలోను వారికి నమ్మకమైన స్నేహితుడు మిగులలేదు. ఇంకొక సంగతి కూడ ఉన్నది. దేవుని పేరు ఒక కాంగ్రెస్ సీటు ఎన్నికకు వాడబడింది. సంఘమునకు కలిగిన నష్టములలో ఇదే పెద్దది.

4. కార్తేజ్ జైలు

1843 నవంబరులో స్మిత్, అధ్యక్ష పదవికి నిలువగలరని తలంచబడిన ఐదుగురు నాయకులకు ఉత్తరములు వ్రాసి, మీరు గెలిస్తే మా జనముపట్ల ఎట్లు ప్రవర్తిస్తారు అని అడిగాడు. ముగ్గురు మాత్రమే జవాబు వ్రాశారు. ఆ ముగ్గురిలో ఎవరును గట్టి మాట ఇవ్వలేదు. 1844 జనవరిలో తానే అధ్యక్ష పదవికి నిలువబడాలని నిశ్చయించుకొన్నాడు. ఆయన ప్రణాళికలో మంచి మాటలు కూడ ఉన్నాయి. ప్రభుత్వ భూములు అమ్మగా వచ్చిన సొమ్ముతో యజమానులకు వెల చెల్లించి, 1850 నాటికి బానిసత్వము తీసివేయవలెనని అందులో వ్రాశాడు.

ఇంతలో నావూలోనే చీలిక వచ్చింది. విలియం లా మొదలైన కొందరు సంఘమును విడిచి, 1844 జూన్ 7న 'నావూ ఎక్స్‌పోజిటర్' అనే పత్రికను ప్రచురించారు. రహస్యముగా సాగుచున్న బహుభార్యాత్వమును, మతాధికారమును రాజకీయాధికారమును ఒక్కచోట చేర్చుటను అందులో ఖండించారు. జూన్ 10న, స్మిత్ మేయరుగా ఉన్న పట్టణ కౌన్సిలు ఆ పత్రికను ఉపద్రవమని తీర్మానించి, అచ్చుయంత్రమును పగులగొట్టించింది. ఆ పత్రిక వెలువడినది ఒకే ఒక సంచిక.

1833లో మిస్సోరి అల్లరిమూక వీరి అచ్చుయంత్రమును పాడుచేసింది. పదకొండు సంవత్సరములకు వీరే ఇతరుల అచ్చుయంత్రమును పాడుచేశారు. హింస పొందినంతమాత్రమున మనుష్యుడు న్యాయవంతుడు కాడు. అధికారము చేతికి వచ్చినప్పుడే అతని న్యాయము బయటపడుతుంది.

చుట్టుపక్కల ఊళ్లు లేచాయి. స్మిత్ పట్టణములో సైనిక శాసనము ప్రకటించాడు. దానిమీద ఆయనపై రాజద్రోహ నేరము మోపారు. గవర్నరు ఫోర్డ్, నీకు రక్షణ ఇస్తాను, కార్తేజ్ వచ్చి లొంగిపొమ్మని చెప్పాడు. అన్నదమ్ములిద్దరును వెళ్లి జైలులో ఉన్నారు. జూన్ 27న గవర్నరు వారిని అక్కడ విడిచి తాను నావూకు వెళ్లాడు. జైలుకు కాపలా పెట్టబడిన దళము మోర్మనులకు విరోధులైనవారిదే. ఆ సాయంకాలము ముఖములకు నలుపు పూసికొన్న మూక జైలుమీద పడి జోసెఫ్‌ను, హైరంను కాల్చి చంపింది. జోసెఫ్ స్మిత్ వయస్సు అప్పుడు 38. మరుసటి సంవత్సరము విచారణలో నిలిచిన ఐదుగురును నిర్దోషులని విడుదల పొందారు. నావూ చార్టరును శాసనసభ 1845 జనవరిలో రద్దుచేసింది. ఓట్లకు ఇచ్చిన దానిని ఓట్ల కొరకే తిరిగి తీసికొన్నారు.

5. యూటాలో – బేరము అక్కరలేని కాలము

1846 ఫిబ్రవరిలో మోర్మనులు బ్రిగమ్ యంగ్ నాయకత్వమున నావూ విడిచి పడమటికి బయలుదేరారు. 1847 జూలైలో సాల్ట్ లేక్ లోయకు చేరారు. 1850లో యూటా కేంద్ర ప్రభుత్వపు టెరిటరీగా ఏర్పడగా, అధ్యక్షుడు మిల్లార్డ్ ఫిల్‌మోర్ బ్రిగమ్ యంగ్‌నే గవర్నరుగా నియమించాడు. కృతజ్ఞతగా మోర్మనులు ఒక కౌంటీకి మిల్లార్డ్ అని, అందులోని పట్టణమునకు ఫిల్‌మోర్ అని పేరు పెట్టారు.

ఇప్పుడు రాజకీయ నాయకులను బ్రతిమాలవలసిన పనిలేదు. సంఘాధ్యక్షుడే గవర్నరు. ఇక క్షేమమే గదా అనిపిస్తుంది. కాని క్షేమము కలుగలేదు. వాషింగ్టన్ పంపిన అధికారులకును వీరికిని పొసగలేదు. 1852లో బహుభార్యాత్వమును బహిరంగముగా ప్రకటించగా దేశమంతట వ్యతిరేకత పెరిగింది. ఒకప్పటి స్నేహితుడు స్టీఫెన్ డగ్లస్ 1857 జూన్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మాట్లాడుతూ, మోర్మనుల సంగతి కోసి తీసివేయవలసిన పుండు వంటిదనే భావముతో ఖండించాడు. ఆ సంవత్సరమే అధ్యక్షుడు జేమ్స్ బుకానన్ క్రొత్త గవర్నరును నియమించి, ఆయన వెంట సైన్యమును పంపించాడు.

సైన్యము వస్తున్నదనే భయము, పాత గాయములు, నాయకుల ఆవేశపు ప్రసంగములు కలిసి ఘోరమైన ఫలము ఫలించాయి. 1857 సెప్టెంబరు 11న మౌంటెన్ మెడోస్ అనే చోట, కాలిఫోర్నియాకు వెళ్లుచున్న బండ్ల బిడారులోని సుమారు 120 మంది ప్రయాణికులను, స్త్రీలను పిల్లలను కూడ, మోర్మను పౌరసేనవారు కొందరు ఇండియనులతో కలిసి చంపారు. మిక్కిలి చిన్న పిల్లలను మాత్రమే బ్రతకనిచ్చారు. హాన్స్ మిల్‌లో చనిపోయినవారి కొరకు ఏడ్చినవారే ఈ పని చేశారు. ఈ నేరమునకు జాన్ డి. లీ అనే ఒక్కనికి మాత్రము 1877లో మరణశిక్ష అమలు జరిగింది.

తరువాత కేంద్ర ప్రభుత్వము ఒకదాని వెంట ఒకటి చట్టములు చేసింది. 1887 నాటి చట్టము ఆ సంఘపు ఆస్తులను స్వాధీనము చేసికొను అధికారము ఇచ్చింది. 1890లో అప్పటి సంఘాధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ బహుభార్యా వివాహములు మానివేయవలెనని ప్రకటన చేశాడు. 1891లో వారి స్వంత రాజకీయ పక్షమైన పీపుల్స్ పార్టీని రద్దుచేసికొని, సభ్యులు దేశపు రెండు పార్టీలలోను చేరసాగారు. 1896 జనవరి 4న యూటా రాష్ట్రమైంది. ఒక్కటిగా ఓటు వేయుట మానిన తరువాతనే వారికి సమాధానము దొరికింది అనునది గమనించండి.

6. వెలకు దొరకని స్నేహితులు

ఈ చరిత్రలో ఇద్దరిని మరువకూడదు. 1838 నవంబరులో జోసెఫ్ స్మిత్‌ను ఫార్ వెస్ట్ పట్టణపు బహిరంగ కూడలిలో మరుసటి ఉదయము కాల్చివేయమని జనరల్ లూకస్, తన క్రింది అధికారియైన డోనిఫన్‌కు ఆజ్ఞ ఇచ్చాడు. అది హత్య అవుతుంది, నేను చేయను, చేస్తే నిన్ను కోర్టుకు ఈడుస్తాను అనే భావముతో డోనిఫన్ వ్రాసి పంపాడు. స్మిత్ బ్రతికాడు. 1858లో యూటామీద యుద్ధము రాబోవుచుండగా, మోర్మను కాని థామస్ కేన్ అనే పెన్సిల్వేనియా పెద్దమనిషి, ఆరోగ్యము సరిగా లేకపోయినను, దూరప్రయాణము చేసి ఇరుపక్షముల నడుమ సంధికి దారి వేశాడు. సైన్యము రక్తము చిందించకుండ సాల్ట్ లేక్ పట్టణముగుండా సాగిపోయింది.

ఎంతో ప్రయాసపడి బేరము చేసికొన్న నాయకులు ఆపద సమయమున తొలగిపోయారు. మనస్సాక్షి కలిగిన ఇద్దరు నిలిచారు.

న్యాయము ఆలస్యముగానైనను కొంత వచ్చింది. గవర్నరు బాగ్స్ ఉత్తరువును 1976లో మిస్సోరి గవర్నరు క్రిస్టఫర్ బాండ్ రద్దుచేస్తూ విచారము తెలిపాడు.

7. వాక్యపు వెలుగులో

(అ) యిర్మీయా 29వ అధ్యాయములో, బబులోనులో పరవాసులైన యూదులకు ప్రవక్త ఉత్తరము వ్రాశాడు. ఇండ్లు కట్టుకొని, తోటలు నాటుకొని, తాము ఉన్న పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించవలెనని చెప్పాడు. మన క్షేమము వేరు, పట్టణపు క్షేమము వేరు కాదు. నావూవారు తమ పట్టణమును చుట్టుపక్కల పట్టణములనుండి వేరుచేసి భద్రము చేసికొన చూశారు. అది నిలువలేదు.

(ఆ) కీర్తన 146 రాజులమీద నమ్మిక పెట్టుకొనవద్దని హెచ్చరిస్తుంది. రాజులను ద్వేషించుమని చెప్పలేదు, ధిక్కరించుమని చెప్పలేదు. వారి ప్రాణము పోయిన దినమున వారి ఆలోచనలు కూడ నశిస్తాయి గనుక, సంఘము తన భారమును వారిమీద మోపకూడదు.

(ఇ) అపొస్తలుడైన పౌలు తన రోమా పౌరహక్కును సిగ్గుపడకుండ వాడుకొన్నాడు. ఫిలిప్పీలోను, యెరూషలేములోను ఆ హక్కును చెప్పాడు. కైసరు ఎదుటకు పోవుదునని కోరాడు. కాబట్టి న్యాయము అడుగుట అవిశ్వాసము కాదు. కాని అదే పౌలు, ఫేలిక్సు అధిపతి లంచము కొరకు కనిపెట్టుచున్నాడని తెలిసినను ఇవ్వలేదు. రెండేండ్లు బంధకములలో ఉండిపోయాడు. హక్కును అడిగాడు, బేరము మానాడు. మన పాఠమంతయు ఈ ఒక్క మాటలో ఉన్నది.

(ఈ) 1 తిమోతి 2లో అధికారులందరి కొరకు ప్రార్థించుమని ఆజ్ఞ. మనము ఓటు వేసినవారి కొరకు మాత్రమే కాదు, అందరి కొరకు.

8. మన సంఘములకు అన్వయింపు

మత స్వేచ్ఛ కొరకు బాప్తిస్టులు ముందుగా నిలిచినవారు. రోజర్ విలియమ్స్ 1636లో ప్రావిడెన్స్‌ను స్థాపించి, మనస్సాక్షి విషయములో అధికారులు జోక్యము చేసికొనరాదని బోధించాడు. 1801లో కనెక్టికట్ రాష్ట్రములోని డాన్‌బరీ బాప్తిస్టు అసోసియేషను అధ్యక్షుడు జెఫర్సన్‌కు ఉత్తరము వ్రాసింది. మత స్వేచ్ఛ ప్రభుత్వము దయతలచి ఇచ్చునది కాదు, అది మనుష్యుల సహజమైన హక్కు అని వారి విన్నపము. వారు కూడ ఆ రాష్ట్రములో కొద్దిమందియే. ఐనను ఓట్లు చూపించలేదు, హక్కునే చూపించారు.

మనకును రాజ్యాంగములో హక్కులున్నాయి. 25వ అధికరణము మత స్వేచ్ఛను ఇస్తుంది. 29, 30 అధికరణములు అల్పసంఖ్యాకుల భాషను, సంస్కృతిని, విద్యాసంస్థలను కాపాడుతాయి. 350-ఎ అధికరణము భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించుటకు రాష్ట్రములు ప్రయత్నించవలెనని చెబుతుంది. ఇవి ఏ అభ్యర్థియు తన జేబులోనుండి ఇచ్చేవి కావు. వీటిని అడుగుటకు ఓటును లంచముగా ఇవ్వనక్కరలేదు.

చట్టము కూడ మనలను హెచ్చరిస్తుంది. 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టము 123(3) సెక్షను ప్రకారము మతము, జాతి, కులము, సమాజము, భాష పేరట ఓటు అడుగుట అవినీతి చర్య. అభ్యర్థి మతము, భాష మాత్రమే కాదు, ఓటరు మతము, భాష పేరట అడుగుట కూడ దానిలోనికే వస్తుందని సుప్రీంకోర్టు 2017 జనవరి 2న తీర్పు చెప్పింది. 1988 నాటి మతసంస్థల దుర్వినియోగ నివారణ చట్టము, మందిర ఆవరణలను రాజకీయ కార్యక్రమములకు వాడకూడదని నిషేధిస్తున్నది. పెద్దలు ఈ రెండును తెలిసికొని ఉండాలి.

కాబట్టి ఈ క్రింది మాటలను సంఘములు ఆలోచించవలెనని మనవి.

మొదటిది, పాస్టరుగాని, డీకనుగాని, సంఘ కమిటీగాని సభ్యుల ఓట్లను ఎవరికిని వాగ్దానము చేయకూడదు. విశ్వాసి మనస్సాక్షి క్రీస్తుది. దానిని అమ్ముటకు మనకు అధికారము లేదు.

రెండవది, అభ్యర్థి ఎవరు వచ్చినను మర్యాదగా కూర్చుండబెట్టండి, ప్రార్థన కోరితే బయట ప్రార్థించండి. పులిపీఠము మాత్రము ఇవ్వవద్దు. ఒకరికి ఇచ్చి ఒకరికి లేదనుట ఇంకను చెడ్డది.

మూడవది, సమాధుల స్థలము, బడి, రోడ్డు వంటి అవసరములను ఎన్నికల కాలములో చెవిలో చెప్పుట మాని, మిగిలిన సంవత్సరములలో వ్రాతపూర్వకముగా సంబంధిత కార్యాలయమునకు అర్జీ పెట్టుకొని, నకలు దాచుకొని, విసుగక తిరగండి. సాధ్యమైతే మన వీధిలోని ఇతర భాషలవారిని, ఇతర మతములవారిని కలుపుకొని అడగండి. కుళాయి వీధి అందరిది.

నాలుగవది, ప్రతి అర్హుడైన సభ్యుడును ఓటరు జాబితాలో పేరు చూచుకొని ఓటు వేయాలి. బేరము మానుట అంటే బాధ్యత మానుట కాదు.

అయిదవది, మనకంటె తక్కువమంది ఉన్నవారిపట్ల మనమెట్లున్నామో పరీక్షించుకొందాము. మన సంఘమునుండి విడిపోయినవారిని, మనకు నచ్చని బోధ చేయువారిని అధికారుల చేత అణచివేయించుటకు చూస్తే, మనము కూడ అచ్చుయంత్రము పగులగొట్టినవారమే.

చర్చించుటకు ప్రశ్నలు

1. మిస్సోరిలో మోర్మనులకు అన్యాయము జరిగినదనుట నిజము. అట్లయితే నావూలో వారు ఓట్లను ఆధారము చేసికొనుటలో తప్పేమి?

2. 1843లో స్మిత్ తన మాట నిలబెట్టుకొన్నాడా? మత్తయి 5:37 వెలుగులో చెప్పండి.

3. పౌలు కైసరు ఎదుటకు పోవుదునని కోరుటకును, ఫేలిక్సుకు డబ్బు ఇవ్వకపోవుటకును గల సంబంధమేమి?

4. మీ ఊరిలో సంఘమునకు గల ఒక న్యాయమైన అవసరమును తీసికొని, దానిని బేరము లేకుండ ఎట్లు అడుగవచ్చునో వ్రాయండి. ఆ అర్జీ ముసాయిదాను ఈ నెలలోనే సంఘ కమిటీ ముందు పెట్టండి.

ప్రార్థనాంశము: మనము నివసించు రాష్ట్రముల ముఖ్యమంత్రుల కొరకు, ప్రతిపక్ష నాయకుల కొరకు, జిల్లా అధికారుల కొరకు, మతము కారణముగా ఇల్లు విడిచినవారు ఏ మతస్థులైనను వారి కొరకు, సంఘ పెద్దలకు బేరము పెట్టని నోరు, న్యాయము అడుగు ధైర్యము కలుగునట్లు ప్రార్థించండి. ఆమేన్.